తెరమీది రంగు – కాగితముమీది రంగు

శుభలేఖలు, పుస్తకముల అట్టలు, వస్త్రముల జాబితాలు, సంఘముల వార్షిక సంచికలు – ఇవన్నియు నేడు కంప్యూటరు తెరపైననే రూపొందుచున్నవి. తెరపై చూచి మెచ్చుకొన్న రంగు అచ్చులోనికి వచ్చునప్పటికి మాసినట్లు, వెలిసినట్లు, ఒక్కొక్కప్పుడు వేరొక రంగే అయినట్లు కనిపించుట పలువురకు అనుభవములోని సంగతి. అచ్చు వేయించినవారు ప్రెస్సువారిని తప్పు పట్టుదురు. ప్రెస్సువారు డీటీపీ చేసినవారిని తప్పు పట్టుదురు. వారు తమ తెరను చూపి, "ఇందులో సరిగానే యున్నది గదా!" అందురు. ముగ్గురి మాటలోను కొంత నిజమున్నది. తెరకును కాగితమునకును రంగు పుట్టు విధమే వేరు. ఒకదాని రంగును రెండవదానిలోనికి మార్చుట యనగా కొన్ని అంకెల స్థానమున వేరు అంకెలు వేయుట కాదు. ఏ రంగును నిలుపుకొనవలెను, దేనిని కొంత వదలుకొనవలెను అని నిర్ణయించుట. ఆ నిర్ణయమును ఎవరో ఒకరు తెలిసి చేయనిచో, యంత్రము తెలియక చేయును.

ఇది కంటికి ఇంపుగా నుండుటకు సంబంధించిన విషయము మాత్రమే కాదు. ఒక చేనేత సంఘమువారు తమ చీరలకు ఫొటోలు తీయించి, దూరపు ఊళ్ళ వర్తకులకు పంపుటకై రంగుల పుస్తకము అచ్చు వేయించిరనుకొందము. నెమలికంఠపు రంగు చీర అచ్చులో ఊదారంగుగా పడినది. పుస్తకము చూచి ఆర్డరు పంపిన వర్తకుడు, చీర చేతికి వచ్చినపుడు ఇది తాను కోరినది కాదని తిప్పి పంపును. మగ్గములో తప్పు లేదు, అద్దకములో తప్పు లేదు. ఐనను నష్టము నేతవానిదే. కనుక ఈ మార్పిడిలోని మర్మము సామాన్య గృహస్థులకు కూడ కొంత తెలిసియుండుట మంచిది.

వెలుగును కూర్చుట, వెలుగును తీసివేయుట

మన కంటిలో రంగులను గుర్తించు కణములు మూడు తెగలవి. ఒక తెగ వెలుగులోని దీర్ఘ తరంగములకు, ఒకటి మధ్య తరంగములకు, ఒకటి హ్రస్వ తరంగములకు ఎక్కువగా స్పందించును. రేడియో శ్రోతలకు ఈ మాటలు క్రొత్తవి కావు. వెలుగు కూడ రేడియో తరంగముల జాతిదే; దాని తరంగముల పొడవు మాత్రము మిక్కిలి స్వల్పము. ఈ మూడు తెగలకు అందిన పాళ్ళనుబట్టి మెదడు రంగును గ్రహించును. కావున మూడు వెలుగులను తగు పాళ్ళలో కలిపినచో లెక్కకు మిక్కిలియైన రంగులను కంటికి చూపవచ్చును. జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ అను శాస్త్రజ్ఞుడు 1861లో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఈ సంగతిని ప్రదర్శించెను. ఒక రంగుల రిబ్బనును ఎఱుపు, ఆకుపచ్చ, నీలపు వడపోతలగుండ మూడు ఫొటోలుగా తీయించి, వానిని అవే రంగుల వెలుగులతో ఒకే చోట పడునట్లు చేసెను. రిబ్బను రంగులతో కనిపించెను.

నేటి కంప్యూటరు తెరయు, చేతిలోని ఫోనును ఆ సూత్రము ననుసరించియే పనిచేయుచున్నవి. తెరపై ప్రతి బిందువునందును ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగులుండును. ఒక్కొక్కదానికి 0 మొదలు 255 వఱకు మెట్లు. మూడును ఆరిపోయినచో నలుపు. మూడును నిండుగా వెలిగినచో తెలుపు. నడుమ మొత్తము 1,67,77,216 కలయికలు సాధ్యము. ఆ రంగుల ఆంగ్ల నామముల మొదటి అక్షరములనుబట్టి ఈ పద్ధతిని ఆర్‌జీబీ యందురు.

కాగితమునకు సొంత వెలుగు లేదు. గదిలోని తెల్లని వెలుగు దానిపై పడి తిరిగి మన కంటికి చేరును. సిరా ఆ వెలుగులో కొంత భాగమును మ్రింగివేయును. మిగిలినదే మనకు రంగుగా తోచును. సయాన్ అనెడి ఆకాశనీలపు సిరా ఎఱుపు వెలుగును మ్రింగును. మెజెంటా అనెడి రాణీరంగు సిరా ఆకుపచ్చ వెలుగును, పసుపు సిరా నీలపు వెలుగును మ్రింగును. తెరలో రంగులు కలిసినకొలది వెలుగు పెరుగును. కాగితముపై సిరాలు కలిసినకొలది వెలుగు తరుగును. చిక్కంతయు ఇందే యున్నది.

కొద్ది సిరాలతో అన్ని రంగులను రప్పించవలెనను ఆలోచన క్రొత్తది కాదు. జాకబ్ క్రిస్టాఫ్ లె బ్లాన్ అను ముద్రాపకుడు నీలము, పసుపు, ఎఱుపు సిరాలకు మూడు రాగి రేకులు సిద్ధపఱచి, ఒకదానిపై నొకటి అద్ది వర్ణచిత్రములను ముద్రించెను. 1719లో ఇంగ్లండులో ఆ పద్ధతికి రాజు నొద్ద హక్కు పొందెను. మన దేశమున రాజా రవివర్మ 1894లో బొంబాయిలో నెలకొల్పిన ముద్రణాలయము వేరొక మార్గమున నడచెను. అక్కడ రంగునకొక రాతిపలక చొప్పున ఎన్నో పలకలను సిద్ధముచేసి, ఒకదాని తరువాత ఒకటిగా అద్దుచుండిరి. కోరిన రంగు సిరాను విడిగా కలుపుకొనుటకు అందులో వీలుండెను. శ్రమ మాత్రము అధికము. నేటి ఆఫ్‌సెట్ ముద్రణలో సామాన్యముగా నాలుగే సిరాలు: సయాన్, మెజెంటా, పసుపు, నలుపు. దీనిని సీఎంవైకే యందురు. ఒక్కొక్క సిరా సన్నని చుక్కలుగా పడును. మంచి ఆర్టు పేపరుపై అంగుళమునకు 175 వరుసల చుక్కలు సర్వసాధారణము. భూతద్దముతో ఏ రంగుల కాగితమును చూచినను ఈ చుక్కలు కనిపించును. కంటికి అవి విడివిడిగా తోచక, కలిసి ఒక రంగుగా తోచును.

అందని రంగులు

నాలుగు సిరాలతో రప్పించగల రంగుల పరిధి తెర చూపగల పరిధికంటె చాలవఱకు చిన్నది. తెరపై మిలమిలలాడు నీలములు, చిలుకపచ్చలు, నారింజలు సిరాలకు అందవు. తెరలోని నిండు నీలమును ప్రసిద్ధమైన అమెరికను ముద్రణ ప్రమాణము ప్రకారము మార్చినచో సయాన్ 88, మెజెంటా 77 పాళ్ళు వచ్చును. అచ్చులో అది ఊదావైపు మొగ్గిన రంగు. చేనేతవారి నెమలికంఠము చెడుటకు కారణమిదే. తెరలోని నిండు ఆకుపచ్చ, సయాన్ 63, పసుపు 100గా మారి, చిలుక రెక్క వంటి తళుకును కోల్పోవును. ఒక సంతోషకరమైన విషయమేమనగా, మన శుభకార్యములకు కావలసిన పసుపు, కుంకుమ రంగులు నాలుగు సిరాలకు బాగుగా లొంగును. పసుపు సిరా ఒకటే చాలును. కుంకుమకు మెజెంటా, పసుపు నిండుగా కలిసిన చాలును. వేరొకవైపున, నిండు సయాన్ సిరా చూపగల కొన్ని రంగులు సామాన్యమైన తెరకే అందవు. కావున ఒకటి పెద్ద, ఒకటి చిన్న అని మాత్రమే గాక, రెండింటి ఆకారములును వేఱని గ్రహింపవలెను.

అందని రంగు తప్పనిసరిగా కావలెనన్నచో ఐదవ సిరా వేయవలెను. 1963లో వెలువడిన పాంటోన్ పద్ధతిలో ప్రతి రంగునకును ఒక సంఖ్య, సిరా కలుపు పాళ్ళు నిర్ణయింపబడియుండును. వ్యాపార చిహ్నములకు దీనిని వాడుదురు. అదనపు ప్లేటు, అదనపు ఖర్చు తప్పవు.

అంకెలకు అర్థము కల్పించుట

మార్పిడికి ఒక సులభమైన లెక్క కలదని కొందఱు తలంతురు. ఎఱుపును 255 నుండి తీసివేసిన సయాన్, ఆకుపచ్చను తీసివేసిన మెజెంటా, నీలమును తీసివేసిన పసుపు వచ్చునని వారి ఊహ. సిరాలు శాస్త్రములో చెప్పినంత శుద్ధముగా నుండినచో అది చెల్లెడిది. కాని సయాన్ సిరా మ్రింగవలసిన ఎఱుపును పూర్తిగా మ్రింగక, మ్రింగరాని ఆకుపచ్చను, నీలమును కొంత మ్రింగును. అందుచేత మూడు సిరాలను సమముగా వేసినచో బూడిదరంగు రాక, గోధుమవన్నె తిరుగును. ఆర్టు పేపరుపై మధ్యస్థమైన బూడిదరంగునకు సయాన్ 50, మెజెంటా 40, పసుపు 40 పాళ్ళు వేయుదురు.

కాగితము కూడ తన పాత్రను నిర్వహించును. చుక్క పడినంత చోటనే నిలువదు, సిరా ప్రాకును. వార్తాపత్రికల కాగితముపై సగము చోటు కప్పవలసిన చుక్క సుమారు ముప్పాతికవఱకు కప్పును. కాబట్టి ఒకే అంకెలు ఆర్టు పేపరుపై ఒక రంగును, మాప్లిథోపై ఒక రంగును, పత్రికా కాగితముపై మఱొక రంగును ఇచ్చును. "మెజెంటా 60" అన్న మాటకు ఏ సిరా, ఏ కాగితము, ఏ యంత్రము అని తెలిసినగాని అర్థము లేదు. తెరలోని "ఎఱుపు 200" అన్న మాటయు అట్టిదే. రెండు తెరలపై అది రెండు విధములుగా కనిపించును.

కనుక యంత్రములను గాక మనుష్యుని కంటినే కొలబద్దగా గ్రహింపవలసి వచ్చెను. ఇంగ్లండులో రైట్ అను శాస్త్రజ్ఞుడు 10 మంది చూపును, గిల్డ్ అను శాస్త్రజ్ఞుడు 7గురి చూపును పరీక్షించి సేకరించిన కొలతల ఆధారముగా, అంతర్జాతీయ ప్రకాశ సంఘము 1931లో సామాన్య నేత్రమునకు ఒక ప్రమాణము నేర్పఱచెను. నేటికిని రంగుల కొలతకు అదియే పునాది. 1993లో 8 కంప్యూటరు, ఫొటో సంస్థలు కలిసి అంతర్జాతీయ వర్ణ సంఘమును స్థాపించి, ప్రతి పరికరమునకును ఒక లక్షణపత్రమును తయారుచేయు విధానమును ఏర్పఱచెను. దీనినే ప్రొఫైల్ అందురు. "ఈ తెరపై ఈ అంకెలు చూపు రంగు కంటికి ఇట్టిది" అని ఒక పత్రము చెప్పును. "ఈ కాగితముపై ఆ రంగు రావలెనన్న ఈ పాళ్ళు వేయవలెను" అని రెండవ పత్రము చెప్పును. కంప్యూటరు మొదటి పత్రమునుబట్టి కంటి కొలతలోనికి, అక్కడినుండి రెండవ పత్రమునుబట్టి సిరాలలోనికి రంగును చేర్చును. తెరల వైపున 1996లో ప్రతిపాదింపబడి, 1999లో అంతర్జాతీయ ప్రమాణమైన ఎస్‌ఆర్‌జీబీ ఎక్కువ వాడుకలో నున్నది. ముద్రణవైపున జర్మనీలోని ఫోగ్రా సంస్థ ప్రకటించిన కొలతలను పలువురు అనుసరింతురు. పూతగల ఆర్టు పేపరునకు ఫోగ్రా 39 గాని తరువాత వచ్చిన ఫోగ్రా 51 గాని, పూతలేని కాగితమునకు ఫోగ్రా 47 గాని 52 గాని వాడుదురు.

కుదించుటయా, కోయుటయా?

పత్రములు రెండును సరిగా నున్నను, అందని రంగుల ప్రశ్న మిగిలియే యుండును. మా వృత్తిలో దీనికి దగ్గఱి పోలిక యొకటి యున్నది. మెల్లని ఆలాపన మొదలు డోలు దెబ్బవఱకు గల ధ్వనిభేదము నంతను ప్రసారయంత్రము మోయజాలదు. నియంత్రణ గదిలోని ఇంజనీరు రెండింటిలో నొకటి చేయవచ్చును. పెద్ద ధ్వనికిని చిన్న ధ్వనికిని గల అంతరము నంతను కుదించి హద్దులోనికి తేవచ్చును. లేదా హద్దులోని దానిని ముట్టక, హద్దు దాటినదానిని అక్కడికక్కడ కోయవచ్చును. మొదటిదానిలో సంగీతపు తీరు నిలుచును, కాని ప్రతి స్వరమును కొంత మారును. రెండవదానిలో తక్కిన స్వరములు ఉన్నవి ఉన్నట్లే వచ్చును, డోలు దెబ్బలు మాత్రము అన్నియు ఒకే తీరున మొద్దువాఱును.

రంగుల మార్పిడిలోను ఈ రెండు మార్గములే ముఖ్యము. మొదటిదానిని పర్సెప్చువల్ అనియు, రెండవదానిని రెలెటివ్ కలరిమెట్రిక్ అనియు కంప్యూటరు పట్టికలో పేర్కొందురు. పట్టుచీర మడతలలో ఒకే నీలమునకు పది ఛాయలున్నవనుకొనుడు. కోయు పద్ధతిలో హద్దు దాటిన ఛాయలన్నియు ఒకే రంగై, మడతలు మాయమై, చీర రేకువలె కనిపించును. అట్టి చిత్రమునకు కుదించు పద్ధతి మేలు. మనుష్యుల ముఖములు, గోధుమవన్నె, లేత రంగులు గల చిత్రమునకు కుదించు పద్ధతి అనవసరపు నష్టము కలిగింపవచ్చును. ఆ రంగులన్నియు హద్దులోనివే కనుక రెండవ పద్ధతి చాలును. ఒకే పుస్తకములో ఈ పుటకొకటి, ఆ పుటకొకటి అవసరము కావచ్చును. చిత్రములను చూడకయే అన్నింటిని ఒకే ఆజ్ఞతో మార్చివేసినచో ఈ విచక్షణకు చోటుండదు.

నలుపు, తెలుగు అక్షరము

రంగులకంటె నలుపు ఎక్కువ జాగ్రత్తను కోరును. తెరలో మూడు సున్నలైన నలుపును పైన చెప్పిన అమెరికను ప్రమాణము ప్రకారము మార్చినచో సయాన్ 75, మెజెంటా 68, పసుపు 67, నలుపు 90గా విడిపోవును. నాలుగును కూడిన 300. అనగా ఒక్కొక్క చిన్న అక్షరమును నాలుగు ప్లేట్లు నాలుగు మారులు అద్దవలెను. కాగితము వెండ్రుకవాసి జరిగినను అక్షరము అంచున రంగుల నీడ తేలును. మన తెలుగు లిపిలో గుండ్రని సున్నలు, తలకట్లు, క్రిందనుండు సన్నని వత్తులు ఎక్కువ. అట్టి జారుపాటులో వత్తు పూడిపోయి, చదువరి తడుముకొనవలసి వచ్చును. కనుక అక్షరములకు నలుపు సిరా ఒక్కటియే నూఱు పాళ్ళు ఉండునట్లు చూడవలెను. రంగు నేలపై అక్షరమున్నచో నలుపును ఆ నేలమీదనే అద్దించవలెను. విశాలమైన నల్లని చోటునకు మాత్రము ఒంటి నలుపు వెలవెలబోవును. అచ్చట సయాన్ 60, మెజెంటా 40, పసుపు 40, నలుపు 100 వంటి కలయిక నిండుదనమిచ్చును.

నాలుగు సిరాల మొత్తమునకు కూడ హద్దున్నది. ఆర్టు పేపరుపై సుమారు 300 నుండి 330 పాళ్ళు, వార్తాపత్రికల కాగితముపై సుమారు 240 పాళ్ళు మించరాదు. మించినచో సిరా ఆరక, ఒక పుట మఱొక పుటకు అంటుకొనును.

ఎప్పుడు మార్చవలెను?

సాధ్యమైనంత ఆలస్యముగా, ఒక్కమారే మార్చవలెను. బిందెలోని నీరు చెంబులోనికి పోసి, మరల చెంబునుండి బిందెలోనికి పోసినంతమాత్రమున బిందె నిండదు. చిన్న పరిధిలోనికి కుదించిన రంగు తిరిగి పెద్ద పరిధికి తెచ్చినను పోయిన తళుకు రాదు. కావున కెమేరా ఇచ్చిన మూల చిత్రమును ఆర్‌జీబీగానే భద్రపఱచవలెను. ఏ కాగితముపై అచ్చగునో నిశ్చయమైన తరువాత, దాని లక్షణపత్రమునుబట్టి ఒక ప్రతిని మార్చుకొనవలెను. ఒక కాగితమునకై మార్చినదానిని మఱొక కాగితమునకై మరల మార్చుట మంచిది కాదు. అట్లు మార్చినపుడు ఒంటి నలుపు అక్షరములు కూడ నాలుగు సిరాలుగా విడిపోవుట కలదు.

ప్రెస్సునకు పంపుటకు పీడీఎఫ్ ఎక్స్ అను ప్రత్యేక రూపములున్నవి. 2001 నాటి ఎక్స్ 1ఏ రూపములో ముద్రణ సిరాల రంగులకు తప్ప చోటు లేదు. మార్పిడి పంపువారే చేయవలెను. తరువాత వచ్చిన ఎక్స్ 3, ఎక్స్ 4 రూపములలో ఆర్‌జీబీ చిత్రమును దాని లక్షణపత్రముతో సహా పంపవచ్చును. చివరి మార్పిడి ప్రెస్సువారు చేయుదురు. ఏది కావలెనో ప్రెస్సువారిని ముందే అడుగుట మేలు. ఫొటోలను వాట్సాప్‌లో మామూలు చిత్రములుగా పంపినచో వాని పరిమాణము తగ్గిపోవును. పీఎన్‌జీ రూపమునకు సీఎంవైకేని మోయు శక్తియే లేదు. ఇట్టి చిన్న విషయములలోనే పని చెడుట కలదు.

అచ్చునకు ముందు

అచ్చు వేయించువారు చేయదగినవి కొన్ని యున్నవి. కాగితము నిశ్చయించి, ఆ కాగితమునకు ఏ లక్షణపత్రమును వాడుదురో ప్రెస్సువారినుండి తెలిసికొనవలెను. దానిని కంప్యూటరులో నిలిపి, అచ్చులో రంగు ఎట్లు పడునో తెరపైననే ముందుగా చూచు సదుపాయమున్నది. డీటీపీవారిని అడిగి చూడవలెను. తెర ప్రకాశమును తగ్గించి, రాత్రివేళ తెరను పసుపువన్నెకు త్రిప్పు ఏర్పాటును ఆపి చూడవలెను. ముఖ్యమైన పనికి కాగితముపై ప్రూఫ్ తీయించుకొని, దానిమీద సంతకము చేయవలెను. ఆ ప్రూఫ్ మామూలు ఆఫీసు ప్రింటరుపై తీసినదైనచో రంగునకు ప్రమాణము కాదు. ముద్రణ లక్షణమునకు సరిచేసిన యంత్రముపై తీసినదే కావలెను. దానిని చూచు వెలుగు కూడ ముఖ్యము. ముద్రణరంగమున 5000 కెల్వినుల తెల్లని వెలుగును ప్రమాణముగా గ్రహించిరి. ఒక దీపము క్రింద ఒకటిగా కనిపించిన రెండు రంగులు వేఱు దీపము క్రింద విడిపోవచ్చును. కనుక ఇంటి బల్బు క్రింద చూచి తీర్పు చెప్పరాదు.

ఇన్ని చేసినను కొన్ని రంగులు కాగితమునకు అందవు. అది ఎవరి తప్పును కాదు. ముందుగా తెలిసికొనకుండుటయే తప్పు. చేనేత సంఘమువారు నెమలికంఠపు చీర అచ్చులో తగ్గునని ముందే ఎఱిగినచో, అచ్చట వేఱు ఫొటోను ఎన్నుకొనవచ్చును. ఐదవ సిరా వేయించవచ్చును. లేదా ఆ పుటలో చీరకు వాడిన నూలు ముక్కను అతికించి, "రంగు ఈ నూలును చూచి నిర్ణయించుకొనుడు" అని వ్రాయవచ్చును. పుస్తకము చూచిన వర్తకుడు మోసపోడు, చీర తిరిగిరాదు. రంగుల మార్పిడిలో నష్టము కొంత తప్పదు. ఏది పోవునో ముందే చూచుకొని, పోయినదానికి ప్రతి చెప్పుకొన్నవారికి అచ్చు నమ్మదగిన సేవకుడై యుండును.